జోడు పెడళ్లు

జయశీలరావు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు వచ్చేది కాదు, పని వచ్చేది. గాల్లో ఇంజను ఆగిపోతే ఏం చెయ్యాలండీ అని కుర్రతనంలో నేనొకసారి అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, చేతికి కొడవలి ఇచ్చి, రన్‌వే పక్కన గడ్డి కోయించారు. జవాబు ఆ గడ్డిలో ఎక్కడుందో నాకు నేటికీ దొరకలేదు గానీ, పచ్చిగడ్డి వాసనా పెట్రోలు వాసనా కలిసి ముక్కుకి తగిలే ఆ పొద్దుటి పూటల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఆ ఫ్లయింగ్ క్లబ్బు మూతపడి చాలాకాలమైంది. మాస్టారు విశాఖపట్నంలో, పెదవాల్తేరు వైపు, సముద్రపు గాలి నేరుగా కొట్టే ఒక డాబా ఇంట్లో స్థిరపడ్డారు.

మేమంతా నేర్చుకున్న పాత ట్రైనర్ విమానాన్ని తుక్కు కింద కోసేస్తున్నప్పుడు మాస్టారు వెళ్లి అందులోంచి రెండు జతల పెడళ్లు అడిగి తెచ్చుకున్నారు. విమానం ముక్కుని కుడికీ ఎడమకీ తిప్పేవి ఈ పెడళ్లే. గురువుకొక జత, పక్కన కూర్చున్న శిష్యుడికొక జత, రెంటినీ కలుపుతూ ఒక కడ్డీ. ఒకరు నొక్కితే రెండోవారి కాలికి తెలుస్తుంది. వాటిని ముందుగదిలో ఒక బల్ల కింద బిగించి, కంప్యూటర్‌కి తగిలించి, గోడకి పెద్ద తెర పెట్టి, పక్కపక్కనే రెండు కుర్చీలు వేశారు. తెర మీద ఎగిరేది బొమ్మ విమానమే, కాలి కిందున్న ఇనుము మాత్రం అసలుది. ఆ పెడళ్ల మీది గళ్లు అరిగి నున్నబడ్డాయి, ఆ అరుగుదలలో నా బూట్ల వాటా కూడా ఉంది. నేను తప్పు నొక్కిన రోజుల్లో పక్కనుంచి మాస్టారి కాలు మెత్తగా వచ్చి సర్దిపోయేది. అరిచే గురువుల్ని చాలామందిని చూశాను. కాలితో ఇంత మర్యాదగా తప్పు దిద్దే మనిషిని మాత్రం ఆయన్నొక్కరినే చూశాను.

ఆయన చివరి శిష్యురాలు హైమ, పాలకొండ వైపు పిల్ల. వేరే ఊరి క్లబ్బులో విమానం నేర్చుకుంటూ, వీలు దొరికినప్పుడల్లా మాస్టారి దగ్గరికి వచ్చి సాధన చేసేది. క్లబ్బువాళ్లు ఆమెని ఒంటరిగా ఎగరమంటున్నారు. ఈ పిల్ల ఒకసారి జ్వరమనీ, ఇంకోసారి గాలి బాలేదనీ వాయిదాలు వేస్తోంది. మళ్లీ వాయిదా అంటే పేరు తీసేస్తామని వాళ్లు తేల్చి చెప్పేశారు. చిత్రమేమిటంటే, మాస్టారి పక్కన కూర్చుంటే ఎంత పక్కగాలిలోనైనా విమానాన్ని రన్‌వే నడిగీత మీద దించేది. అదంతా పక్కనున్న కాలి చలవే తప్ప తన గొప్పేమీ లేదని ఆమె నమ్మకం. ఈమధ్య పెడళ్లు ఇదివరకటికంటే తేలిగ్గా కదులుతుంటే, మాస్టారు దయతలిచి సాయం పెంచారనుకుంది. వానలు వెనకబట్టాక వచ్చిన ఒక ఉదయం, ఆమె కుర్చీలో కూర్చుంటూనే అడిగేసింది.

"మాస్టారూ, మీ కాలు లేకుండా నేను దించగలనా?"

మాస్టారు తెర వైపే చూస్తూ అన్నారు. "ఆ పెడలు దానంతటదే ఉలిక్కిపడుతోంది. ముందు దాని సంగతి చూడమ్మా."

నిజమే, కాలు కదపకపోయినా విమానం ముక్కు ఉండుండి ఎడమకి గెంతుతోంది. హైమ స్క్రూడ్రైవర్ పట్టుకుని బల్ల కిందికి దూరింది. పెడలు ఎంత నొక్కామో కంప్యూటర్‌కి చెప్పే చిన్న బుడిపె ఒకటి ఆమె వైపు జతకి బిగించి ఉంటుంది. పాత రేడియోలో సౌండు పెంచే బుడిపె దుమ్ముపడితే గరగరమంటుంది చూడండి, ఇదీ ఆ జాతిదే. తుడవడానికి స్పిరిట్ కావాలంటే మాస్టారి భార్య సుగుణమ్మగారు సీసా, దూదీ తెచ్చిచ్చారు.

"కాస్త అట్టేపెట్టమ్మా, ఆయన కాలి కట్టుకి కావాలి. నిన్న మరిగే నీళ్లు పాదం మీద ఒలికితే ఈయనగారికి చురుకైనా తెలీలేదు. నేల తడిగా ఉందేమిటే అని నన్ను కేకలేశారు."

"ఆవిడకి అన్నీ ఎక్కువే," అన్నారు మాస్టారు. షుగరు జబ్బు ఆయన పాదాల్లో స్పర్శ తినేసిందన్న సంగతి మాలో ఒక్కరికీ చెప్పలేదు. ఆ మాట హైమ వినడం కూడా అదే మొదలు.

ఆమె బుడిపె ఊడదీసి, తుడిచి, మళ్లీ బిగించింది. ఇక పైకి రాబోతూ టార్చి పక్కకి తిప్పేసరికి, రెండు జతలనీ కలిపే కడ్డీ ఒక కొస వేలాడుతూ కనిపించింది. దాన్ని పట్టి ఉంచే చీల రెండు ముక్కలై కింద పడి ఉంది. కడ్డీకి సాలీడు గూడు కట్టింది. చీల విరిగిన చోట ఇనుము మెరవడం లేదు, దళసరిగా తుప్పు పట్టింది. అంటే అది ఇవాళ విరిగింది కాదు, వానలకి ముందే సముద్రపు గాలి దాన్ని తినేసి ఉండాలి. ఆ వానాకాలమంతా ఈ కుర్చీలో కూర్చుని తాను దించినవన్నీ తానొక్కతే దించిందన్నమాట. హైమకి ఒక్కసారిగా గుండెలో పండగలా అనిపించింది. బయటికొచ్చి గట్టిగా చెప్పేద్దామనుకుంది.

అంతలోనే రెండో సంగతి తట్టింది. పక్క కుర్చీలో మాస్టారు కూడా ఆ వానాకాలమంతా దేనికీ తగలని పెడళ్లని నొక్కుతూ కూర్చున్నారు. మొద్దుబారిన పాదానికి తేడా తెలియలేదు. తెర మీద ముక్కు తిన్నబడినప్పుడల్లా, తానే సర్దానన్న సంతోషంతో "చూశావా, అలా!" అనేవారు. ఆ 'చూశావా' గుర్తొచ్చి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏమ్మా, దొరికిందా?" పైనుంచి మాస్టారి గొంతు.

"దొరికిందండీ. దుమ్ము పట్టింది, అంతే."

పనిముట్ల డబ్బాలో ఒక సైకిల్ చువ్వ ముక్క ఉంటే, దాన్ని వంచి చీలగా దూర్చి కడ్డీ బిగించేసింది. విరిగిన ముక్కలు రెండూ పిడికిట్లో దాచుకుని పైకొచ్చి కూర్చుంది.

తెర మీద సముద్రం వైపు నుంచి గాలి, ఎదురుగా రన్‌వే. హైమ విమానాన్ని చక్కగా కిందికి తెచ్చింది. చక్రాలు నేలకి తగలబోయే ముందు ముక్కుని తిన్నగా చెయ్యడానికి ఆమె కుడికాలు ఎంత కావాలో అంత నొక్కింది. సరిగ్గా అప్పుడే మాస్టారు కూడా నొక్కారు. తాను ఎంత నొక్కుతున్నదీ తెలియని కాలు అది. పెడలు చివరికంటా పోయింది, ముక్కు గిర్రున తిరిగింది, విమానం గీత దాటి గడ్డిలో పడింది.

"నా తప్పేనండీ," అంది హైమ గబగబా.

"నీ తప్పయితే నాకు తెలుస్తుంది. కింద ఏం చేశావు?"

ఆమె పిడికిలి ఇంకాస్త బిగించింది. మాస్టారు చెయ్యి చాపారు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయేసరికి పిడికిలి విప్పక తప్పలేదు. ఆయన ఆ ముక్కల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, విరిగిన చోట బొటనవేలితో రుద్ది, వేలికంటిన తుప్పుని చాలాసేపు చూశారు. జీవితమంతా ఇనుముతో గడిపిన మనిషికి అది ఎన్నాళ్ల తుప్పో ఎవరూ చెప్పనక్కర్లేదు. సుగుణమ్మగారు కాఫీ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, ఆయన ముఖం చూసి అక్కడే ఆగిపోయారు.

మా పాతబ్యాచి వాళ్లు కలుసుకున్నప్పుడు ఈ కథ వస్తే, ఆ చీలని మాస్టారే పీకేసి ఉంటారనీ, అమ్మాయికి ధైర్యం రావడానికి ఆడిన నాటకమనీ ఒకరిద్దరు గట్టిగా వాదిస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. గురువులకి అన్నీ ముందే తెలుసనుకోవడం శిష్యుల సోమరితనం. కిటికీ దగ్గర ఆయన పెదవి వణికిందని హైమ నాతో చెప్పింది, నేను ఆమె మాటే నమ్ముతాను. ఆ కాలి కింద నేర్చుకున్నవాణ్ణి కనక, అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

మాస్టారు తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ప్యాంటు మోకాలి దగ్గర పట్టుకుని ఒక్కొక్క కాలే పైకెత్తి, పెడళ్ల మీంచి తీసి పక్కన నేల మీద పెట్టుకున్నారు.

"గాలి ఇంకాస్త పెంచు. దించు."

హైమ గాలి పెంచి దించింది. చక్రాలు నడిగీత మీదే తగిలాయి. విమానం అటూ ఇటూ తొణక్కుండా పోయి నెమ్మదిగా ఆగింది. ఆమె తెర వైపు చూడటం మానేసి మాస్టారి వైపు చూస్తూ, చాలా చిన్న గొంతుతో అడిగింది.

"పెడళ్లు బాగానే ఉన్నట్టేనా మాస్టారూ?"

"నిక్షేపంగా ఉన్నాయమ్మా," అన్నారాయన. "ఇందాక ఒక కాలు ఎక్కువైంది."