పోలమ్మ ఇంటి హీట్ పంపు

మంచు కురిసే ఆ కొండ మీదికి కరెంటు వచ్చి మూడేళ్లయింది. కరెంటు వెనకే నక్క సుందరం కూడా వచ్చాడు, మెడకి టై కట్టుకుని, హీట్ పంపుల డీలరునంటూ. బయటి చలిగాలిలో మిగిలిన కాస్త వేడినీ లాగి ఇంట్లోకి పంపే యంత్రం అది. సుందరానికి అందులో కొత్తేమీ లేదు. ఎదుటివాళ్ల దగ్గర మిగిలిన కాస్తనీ లాగి తన ఇంట్లోకి పంపుకోవడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

గొర్రె పోలమ్మ కిందటేడు చలికి ఓ పిల్లని పోగొట్టుకుంది. ఈ ఏడు ఇద్దరు పుట్టారు. కుంపటి పెడితే పొగకి దగ్గు, తీసేస్తే వణుకు. అందుకే సుందరాన్ని తనే పిలిచింది.

"అరవై వేలు అక్కా. కరెంటాఫీసు వాళ్లు రిబేటు ఇస్తారు, పది వేలు. అది పోను యాభై ఇవ్వు. కాగితాల గొడవ నేను పడతాను."

"రిబేటంటే ఏంటి బాబూ?"

"కరెంటు తక్కువ కాలే యంత్రం పెట్టుకున్నందుకు వాళ్లు వెనక్కిచ్చే డబ్బు. అవన్నీ నీకెందుకు, ఇక్కడ గిట్టముద్ర వెయ్యి."

"రేపు వేస్తాను."

గొర్రెలు ఒకరి వెనక ఒకరు నడుస్తారని లోకంలో పేరు. పోలమ్మ మర్నాడు ఒక్కతే నడుచుకుంటూ కరెంటాఫీసుకి వెళ్లింది. అక్కడ గుమాస్తా గుడ్లగూబ విశ్వనాథం. అతనికి పగటి డ్యూటీ వేసిన మహానుభావుడెవరో గానీ, కన్ను తెరిపించడానికి పోలమ్మకి మధ్యాహ్నం దాకా పట్టింది.

"హీట్ పంపుకి రిబేటు ఎంతండీ?"

"ముప్పై వేలు."

"పది కాదా?"

"ముప్పై. మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్లకి. వాళ్లు రాసిస్తే డీలరుకి. ముందు అర్జీ పెట్టాలి. మేమొచ్చి ఇల్లు చూసి మంజూరు కాగితం ఇస్తాం. యంత్రం ఆ తర్వాతే బిగించాలి. ముందే బిగిస్తే పైసా రాదు."

"చూడ్డానికి ఎన్నాళ్లకి వస్తారు?"

"నెల" అని కళ్లు మూసుకున్నాడు.

దారంతా పోలమ్మకి కడుపు మండుతూనే ఉంది. ఇరవై వేలు మింగేద్దామనుకుని అక్కా అని కూడా పిలిచాడు. కానీ ఇంట్లో పిల్లలు వణుకుతున్నారు, ఆ కొండకి మరో డీలరు లేడు. నేరుగా సుందరం దుకాణానికి వెళ్లింది.

"బాబూ, రిబేటు ముప్పై అట. ఉన్ని అమ్మిన డబ్బు నా దగ్గర ఇంకో ముప్పై ఉంది. అది తీసుకో, రిబేటు మొత్తం నీ పేరునే రాయించుకో."

సుందరం మొహం వాడింది. అయినా లెక్క వేసుకున్నాడు. యంత్రం తనకి పడింది నలభై అయిదుకి. ఇలాగైనా పదిహేను మిగులుతుంది.

"సరే, నీ పిల్లల మొహం చూసి ఒప్పుకుంటున్నాను" అన్నాడు, ఆస్తి దానం చేస్తున్నట్టు.

"అయితే రాసివ్వు. ముప్పై ఇచ్చాక యంత్రం నాదని, రిబేటు వచ్చినా రాకపోయినా నన్నింకేమీ అడగవని."

"రాకపోవడమేంటి" అని నవ్వుతూ రాసిచ్చాడు. "రేపే బిగిస్తాను. బిగించగానే డబ్బు చేతిలో పెట్టు."

"మంజూరు కాగితం రాకముందే బిగిస్తే రిబేటు రాదని ఆఫీసులో చెప్పారు."

"డీలరువి నువ్వా, నేనా? ఆ గుడ్లగూబ నిద్ర లేచి వచ్చేసరికి ఎండాకాలం వస్తుంది. రూల్సు నీలాంటి వాళ్లని తిప్పుకోడానికి. ఆఫీసులో మన మాట చెల్లుతుంది."

నిజానికి రిబేటుతో అతనికిదే మొదటి బేరం. ఆఫీసు వాళ్లిచ్చిన నిబంధనల పుస్తకం బల్ల ఊగకుండా కాలి కింద పెట్టుకున్నాడు.

"చెప్పలేదని తర్వాత అనకు" అంది పోలమ్మ.

"చెప్పావు, విన్నాను. వెళ్లక్కా."

మర్నాడు రిబేటు సుందరం పేరున రాసిన అర్జీ ఆఫీసుకి వెళ్లింది, యంత్రం బిగిసింది, ముప్పై వేలు సుందరం జేబులో పడ్డాయి. ఆ సాయంత్రం పిల్లలిద్దరూ మొదటిసారి కాళ్లు బార్లా చాపి పడుకున్నారు. పోలమ్మ వెచ్చటి గాలికి మొహం పెట్టి చాలాసేపు నిలబడింది. పోయిన పిల్ల గుర్తొచ్చింది.

సరిగ్గా నెలకి విశ్వనాథం వచ్చాడు. వెంట సుందరం, రిబేటు అందుకోడానికి ఉతికిన టైతో. విశ్వనాథం గోడకేసి ఒక్కసారి చూశాడు.

"బిగించేశారు. అర్జీ కొట్టేశాను."

"విప్పేసి మళ్లీ బిగిస్తేనో?" అన్నాడు సుందరం.

"ఆ ఉపాయం నాకు కాకుండా ఇంకెవరికైనా చెప్పుంటే పనికొచ్చేది."

సుందరం పోలమ్మ వైపు తిరిగాడు. "అక్కా, మనలో మనకి లెక్కలేంటి. ఓ పదిహేను సర్దు, నష్టం లేకుండా బయటపడతాను."

పోలమ్మ లోపలికెళ్లి కాగితం తెచ్చింది. "నాకు చదువు రాదు బాబూ. ఏం రాశావో నువ్వే కాస్త చదివి పెట్టు."

సుందరం చదివాడు. మొదటి వాక్యం గట్టిగానే వచ్చింది. రెండోది గొణుగుడయింది. మూడోది అతనికి తప్ప ఎవరికీ వినబడలేదు.

"దస్తూరీ బాగుంది" అన్నాడు విశ్వనాథం, మెచ్చుకోలుగా.

ఎదుటివాళ్లకి చదువు రాదన్న ధైర్యంతో వ్యాపారం చేసేవాడు, కనీసం తనైనా చదువుకోవాలి.