బొంతకాకి మోసిన రొట్టె

అనగనగా, వాన మొహమే ఎరగక అడవంతా ఎండిపోయిన ఒక దేశం. ఆ దేశంలో ఒక లోయ. లోయ అడుగున సన్నటి వాగు. వాగు పైన కొండచరియలో రెండు బొంతకాకులు గూడు కట్టుకున్నాయి. ఆడకాకి పేరు నీలి. మగకాకి అరిస్తే రాతి మీద రాయి గీసినట్టుండేది, అందుకని దాన్ని అందరూ బొంగురు అనేవారు. గూట్లో మూడు పిల్లలు. ఒంటి మీద ఈకలింకా రాలేదు గాని, అరుపులకేం తక్కువ లేదు!

ఆ దేశపు జనానికి కాకులంటే గిట్టదు. దేవుడి బలిపీఠం దగ్గరికి పావురాలను తీసుకెళ్ళేవారు, గొర్రెపిల్లలను తీసుకెళ్ళేవారు. కాకి అటు వాలిందంటే మాత్రం "మైల పిట్ట! ఛీ, పో!" అని రాయి విసిరేవారు. నీలి మనసు ఎంత చిన్నబుచ్చుకునేదో!

కరువు ముదిరింది. పశువులు వలస పోయాయి. చివరికి పురుగూ పుట్రా కూడా కరువయ్యాయి. ఒకరోజు తెల్లవారుతుండగా నీలిని ఎవరో పేరు పెట్టి పిలిచారు. చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గాలి నిలిచిపోయింది. వాగు చప్పుడు కూడా ఆగినట్టయింది.

"నీలీ, కొండ అవతల బల్లరాయి మీద రెండు రొట్టెలున్నాయి. అవి నువ్వూ బొంగురూ తీసుకెళ్ళి, వాగు దగ్గర దాక్కున్న ముసలాయనకు పెట్టండి. నీ పిల్లల అరుపు నాకు వినబడుతూనే ఉంది" అంది ఆ గొంతు.

ఆ గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. కానీ దాన్ని విన్నాక నీలికి మనసంతా నిండిపోయింది. "నన్ను పిలిచారా? నన్నా?" అనుకుంది.

ఆ ముసలాయన ఎవరంటే, రాజు ముందు నిలబడి నిజం చెప్పినవాడు. రాజుగారికి కోపం వచ్చింది. ముసలాయన ప్రాణం దక్కించుకోవడానికి ఈ లోయలోకి వచ్చి దాక్కున్నాడు.

కాకులు రెండూ వెళ్ళి చూశాయి. నిజంగానే బల్లరాయి మీద రెండు రొట్టెలు! ఇంకా వేడిగా ఉన్నాయి. దగ్గరలో పొయ్యి లేదు, పొగ లేదు. చుట్టూ దుమ్ములో ఒక్క అడుగు జాడైనా లేదు.

రెండూ చెరో రొట్టె మోసుకెళ్ళి ముసలాయన ముందు పెట్టాయి. ఆయన రొట్టెను రెండు చేతులతో పైకెత్తి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు. ముందుగా ఒక ముక్క తుంచి పక్కనున్న రాతి మీద పెట్టాడు. "ఇది దేవుడి వంతు" అని, ఆ తర్వాతే తిన్నాడు. కాకులు తిరిగి వస్తుంటే దారిలో రెండు లావుపాటి పురుగులు కనబడ్డాయి. పిల్లలకు ఆ పూట గడిచింది.

ఇలా రోజూ జరుగుతోంది. కానీ బొంతకాకులకు ఒక అలవాటుంది, మీకు తెలుసుగా? దొరికినదాన్ని దొరికినట్టు రాళ్ళ సందుల్లో దాచేస్తాయి. బొంగురు ముక్కు ఊరుకుంటుందా!

ఒకరోజు తన రొట్టెలో సగం తుంచి ఒక సందులో దూర్చింది. "రేపు దొరకకపోతే?" అనుకుంది. మర్నాడు ఇంకో సందు. ఆ మర్నాడు మరో సందు. ముసలాయనకు రెండు రొట్టెలకు బదులు ఒకటిన్నరే చేరేది. ఆయన ఆ ఒకటిన్నరనే పైకెత్తి అంతే దండం పెట్టేవాడు.

ఆ తర్వాత ఒక పొద్దున బల్లరాయి మీద ఒక్కటే రొట్టె ఉంది. అదీ చిన్నది. దారిలో పురుగులు కూడా లేవు.

"ఏం ఫరవాలేదే, నేను దాచానుగా!" అని బొంగురు గర్వంగా ఎగిరింది. మొదటి సందులో చూస్తే చీమలు పట్టి ఖాళీ అయిపోయింది. రెండో సందులో రొట్టె బూజు పట్టి ముక్కిపోయింది. మూడో సందులో ఉడుత తిని తోక ఊపుకుంటూ పోతోంది.

బొంగురు తల వేలాడేసుకుని గూటికి వచ్చింది. నీలి రొట్టెను ముక్కున పట్టుకుని గూటి అంచున నిలబడి ఉంది. పిల్లలు అరవడం లేదు. మూడూ మెడలు వాల్చేసి పడున్నాయి.

"పిల్లలకు పెట్టవే నీలీ! ఇంక వాటికి అరిచే ఓపిక కూడా లేదు. అరుపు వింటానన్నవాడికి ఇప్పుడేం వినబడుతుంది?" అంది బొంగురు.

నీలి జవాబు చెప్పలేదు. ముక్కులో రొట్టె ఉంటే ఎలా చెబుతుంది? చెప్పాలంటే వదిలెయ్యాలి. వదిలితే గూట్లోనే పడుతుంది. వేడి రొట్టె వాసనకు చిన్నపిల్ల నోరు తెరిచింది గాని, గొంతులోంచి చప్పుడు రాలేదు. తల్లి గుండె పగిలిపోయింది పాపం.

కానీ ఆ తెల్లవారుజామున విన్న గొంతు దానికి గుర్తుంది. నీలి కళ్ళు గట్టిగా మూసుకుని, గూటి అంచు వదిలి, కిందికి ఎగిరింది.

ముసలాయన రొట్టె అందుకున్నాడు. ఎప్పటిలాగే పైకెత్తాడు. తుంచి దేవుడి వంతు రాతి మీద పెట్టాడు. ఆ రోజు ఆ ముక్క సగం రొట్టె అంత ఉంది. తినబోయి ఆగి, పైకి చూశాడు.

"తల్లీ, రోజూ నీ పిల్లల గోల వింటూ తింటాను. ఇవాళ వినబడటం లేదేం?"

"ఆకలయ్యా. అరవలేకపోతున్నాయి."

"మరి ఇది నాకు తెచ్చావా?"

"మీకు పెట్టమన్నారు. ఆ గొంతు విన్నాక కాదనలేకపోయానయ్యా" అంది నీలి, ఏడుస్తూ.

 ముసలాయన రాతి మీది ముక్కను రెండు చేతులతో తీసి నీలి ముందు పెట్టాడు.

నీలి వెనక్కి గెంతింది. "అమ్మో, అది దేవుడి వంతు! మేము మైల పిట్టలం. మమ్మల్ని బలిపీఠం దరిదాపులకు రానివ్వరు. నేను ముట్టుకోవచ్చా?"

"రోజూ ఆయన చేతి రొట్టె అందుకుంటున్నది నువ్వే కదమ్మా! నేను తింటున్నది నీ నోటి నుంచి వచ్చినదే. అరిచే పిల్లలనే కాదు, అరవలేని పిల్లలను కూడా ఆయన వింటాడు. తీసుకెళ్ళు" అన్నాడు ముసలాయన.

నీలి ఆ ముక్క తీసుకుని ఎలా ఎగిరిందో! చిన్న చిన్న ముక్కలు చేసి మూడు నోళ్ళలోనూ పెట్టింది. కాసేపటికి ఒక పిల్ల కీచుమంది. తర్వాత రెండోది. తర్వాత మూడూ కలిసి లోయంతా మారుమోగేలా అరిచాయి. కింద ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, మొహం నేలకు ఆనించాడు.

మర్నాడు తెల్లవారకముందే బొంగురు ఒక్కటే వెళ్ళి బల్లరాయికి ఎదురుగా కూర్చుంది. రొట్టెలు ఎవరు పెడతారో చూద్దామని రెప్ప వెయ్యకుండా కాచుకుంది. ఎవరూ రాలేదు. గాలి నిలిచిపోయింది. తొలి వెలుగు రాతి మీద పడింది. చూస్తే రెండు రొట్టెలు! వేడిగా, నిండుగా. దుమ్ములో జాడ లేదు.

బొంగురు ముక్కు నేలకు ఆనేదాకా తల వంచింది. ఒక రొట్టె తీసుకుని, దారిలో ఏ సందు వైపూ చూడకుండా, మొత్తం ముసలాయన ముందు పెట్టింది. ఆ రోజంతా అది నోరు మెదపలేదు. నోట్లో రొట్టె ఉందనుకునేరు. రొట్టె ఎప్పుడో ఇచ్చేసింది.

నీతి: మన చేతికి వచ్చినదంతా మనదే కాదు. పంపినవాణ్ణి నమ్మి, చేరవలసిన చోటికి దాన్ని చేర్చడమే నిజమైన ఆరాధన.