చట్నీ జవాబు కోసం నిలబడ్డ సోమలింగం

అనకాపల్లిలో టిఫిన్ హోటల్ నడిపే అన్నదమ్ములు ముగ్గురు: వీరభద్రం, సోమలింగం, తాతబ్బాయి. తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని వాళ్ళ నమ్మకం. నమ్మి ఊరుకున్నారా? ఆర్డర్లు తీసుకునే కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సొంతంగా రాసేశారు. ఆ రోజే ఊళ్ళో కాలేజీ మేనేజరు గారు పదింటికి వచ్చి దాన్ని చూస్తారు, బాగుంటే కాలేజీ క్యాంటీన్ వీళ్ళదే. తీరా తొమ్మిదింటికి ఉప్మా అని నొక్కితే, ప్రోగ్రాం బిగుసుకుపోయింది.

కంప్యూటర్ల సంగతి తెలిసినాయనకి ఫోన్ చేస్తే, "అంతా ఆపేసి మళ్ళీ మొదలెట్టండి" అన్నాడు. అంతే, తాతబ్బాయి పొయ్యి ఆర్పాడు, తింటున్నవాళ్ళ ప్లేట్లు లాక్కున్నాడు, షట్టర్ దించి మళ్ళీ ఎత్తి కొబ్బరికాయ కొట్టాడు. ప్రోగ్రాం కదల్లేదు. తినేవాళ్ళు మాత్రం తిట్టుకుంటూ కదిలిపోయారు.

"లాభం లేదురా. అందులో ఎలా రాశామో అలాగే మనమూ చేసి చూద్దాం, తప్పు దొరుకుతుంది" అన్నాడు వీరభద్రం. ప్రోగ్రాంలో అన్ని పనులూ చేసే పనివాడు ఒక్కడే. ఆ పనివాడు సోమలింగం అయ్యాడు. వీరభద్రం చదివాడు: "ఉప్మా అయ్యాక పనివాణ్ణి పిలవాలి. వాడొచ్చి, చట్నీ ఉందా అని వంటింటిని అడగాలి. జవాబు వచ్చేదాకా కదలకూడదు."

సోమలింగం వచ్చాడు, అడిగాడు, నిలబడ్డాడు.

"ఒరే, వంటింట్లోకెళ్ళి చూసి జవాబు చెప్పాల్సిందీ నువ్వేరా!"

"కదలకూడదుగా అన్నయ్యా."

"అయితే కదులు."

"జవాబు రాలేదుగా!"

ఇంకేముంది, అరగంట గడిచిపోయింది. క్యాంటీన్ చేజారిపోతోందని వీరభద్రానికి ఏడుపొక్కటే తక్కువ. అతని భార్య మంగతాయారు చట్నీ గిన్నె తెచ్చి చూపించింది.

"నువ్వు చూపించకూడదు వదినా, ప్రోగ్రాంలో నువ్వు లేవు" అని సోమలింగం కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడకి ఒళ్ళు మండింది. "ఏటయ్యా ఇది! నిలబడిపోడం ఎందుకు? అడిగేసి వెళ్ళి నీ పని చూసుకో. జవాబు తెలిశాక మళ్ళీ పిలుస్తారు!"

వీరభద్రం ఆ ముక్కే ప్రోగ్రాంలో రాశాడు. చక్కగా నడిచింది! ముగ్గురూ గంతులేసి, ఆ మాట బట్టీపట్టారు. ఎవరేం అడిగినా, జవాబు కోసం నిలబెట్టకూడదు.

మేనేజరు గారొచ్చారు. ఉప్మా తిని, ప్రోగ్రాం చూసి ముచ్చటపడ్డారు. "క్యాంటీన్ మీకే ఇస్తాను. తీసుకుంటారా?"

"అడిగేశారుగా, ఇక నిలబడకండి. వెళ్ళి మీ పని చూసుకోండి. జవాబు తెలిశాక పిలుస్తాం" అని వీరభద్రం ఆయన్ని మర్యాదగా గుమ్మం దాటించాడు.

మంగతాయారు పరుగెత్తుకొచ్చింది. "ఆయనకేం చెప్పారు?"

"ఇంకా తెలీదు వదినా" అన్నాడు తాతబ్బాయి. "జవాబు తెలిశాక పిలుస్తారని నువ్వేగా అన్నావు. మన జవాబేంటో మనకి ఫోన్ చేసి చెప్తారు!"

ముగ్గురూ ఫోన్ చుట్టూ కూర్చున్నారు. కాసేపటికి మోగనే మోగింది. చూస్తే మేనేజరు గారి నంబరు.

"ఎత్తకురా!" అని అరిచాడు వీరభద్రం. "ఆయనతో మాట్లాడుతూ కూర్చుంటే, మన జవాబు చెప్పేవాళ్ళకి ఫోన్ ఎలా దొరుకుతుంది?"