కాకరకాయ బొమ్మ

సోమయాజులు గారు సాయంత్రం పాఠం ముగించి లేవబోతుండగా శశాంక్ ఒక ప్రశ్న అడిగాడు. విజయనగరంలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాళ్లలో అతనే చిన్నవాడు. పగలు ఒక కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం.

"నామరూపాలు నిజం కావని ఇప్పుడే చెప్పారు. పొద్దున్నే మీరే ఆ రాతి విగ్రహానికి పూలు పెడతారు. ఈ రెండూ ఎలా పొసగుతాయి గురువుగారూ?"

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని, వెనక వీధిలో సువర్చలమ్మ గారికి కంప్యూటర్‌తో ఏదో ఇబ్బందిగా ఉందట, ఆదివారం ఓసారి వెళ్లి చూసి రమ్మన్నారు. జవాబు తప్పించుకున్నారని శశాంక్ అనుకున్నాడు. అయినా వెళ్లాడు.

సువర్చలమ్మ గారు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఏడాది కిందట పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ తిరిగి స్వాధీనమయ్యాయి, మాటా వచ్చింది గాని చదువు పోయింది. అక్షరం కంటికి కనిపిస్తుంది, అదేమిటో తెలియదు. ఎంతోమంది పిల్లల చేత దిద్దించిన మనిషికి తన పేరే వట్టి గీతల్లా తోచేది. ఆ సంగతి చెప్పుకోలేక బయటికి రావడమే మానేసిందని భర్త గణపతిరావు గారు గుమ్మం దగ్గరే మెల్లగా చెప్పారు.

కంప్యూటర్‌లో పాడైందేమీ లేదు. తెర మీద పసుపుపచ్చ ఫోల్డర్లు వరసగా ఉన్నాయి, అన్నీ ఒక్కలాగే. తేడా అంతా కింద రాసిన పేర్లలోనే. వాటిలో ఒకదానిలో ఆవిడ తల్లి పాడిన పాటలున్నాయి, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించినవి. భర్త ఇంట్లో ఉంటే తెరిచి పెడతారు. లేనప్పుడు ఆవిడ ఒక్కొక్కటే నొక్కుతూ పోయేవారు. మందుల చీటీలూ ఎవరెవరివో పెళ్లి ఫొటోలూ తెరుచుకుంటుంటే విసిగి లేచిపోయేవారు.

బొమ్మలు మారిస్తే చాలని శశాంక్‌కు తట్టింది. ఫోల్డర్లను లోపలికి జరిపి, తెర మీద వాటిని తెరిచే షార్ట్‌కట్‌లు మాత్రం ఉంచి, ఫొటోలకు కెమెరా, పాటలకు వీణ బొమ్మ పెట్టాడు. నొక్కగానే పాటలు వరసగా మోగేలా కూడా చేశాడు. ఆవిడ మౌస్ పట్టుకుని చాలాసేపు చూశారు. వీణ మీద నొక్కలేదు.

"మా అమ్మ వీణ ముట్టుకుని ఎరగదు నాయనా," అన్నారు.

మరేం పెట్టమంటారని అడిగాడు. కాకరకాయ పెట్టమన్నారు. తల్లి కాకరకాయలు తరుగుతూ కూర్చున్నప్పుడే గొంతు విప్పేదట. ఇంకెప్పుడు పాడమన్నా సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయేదట.

శశాంక్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. గణపతిరావు గారు వంటింట్లోంచి ఒక కాయ తెచ్చి బల్ల మీద పెట్టారు. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, ఐకాన్‌కు పనికొచ్చేలా తయారుచేశాడు. మళ్లీ కొత్తగా పెడదామని, వీణ బొమ్మ ఉన్న షార్ట్‌కట్‌ను తెర మీద నుంచి తీసేశాడు. ఆవిడ చప్పున అతని మణికట్టు పట్టుకున్నారు.

"పాటలు పోయాయా?"

పోయింది దారి చూపే గుర్తేనని, పాటలు లోపల ఉన్నచోటే భద్రంగా ఉన్నాయని చెప్పాడు. ఆవిడకు నమ్మకం కుదరలేదు. పట్టు వదలలేదు. శశాంక్ రెండో చేత్తోనే కొత్త షార్ట్‌కట్ పెట్టి, దాని ఐకాన్ మార్చి, పక్కకు జరిగాడు.

తెర మీద గరుకు గరుకుగా పచ్చటి కాకరకాయ కనిపించింది. ఆవిడ ఎవరినీ అడగలేదు. నొక్కారు. క్యాసెట్ గరగర వినిపించింది, దాని వెనక ఒక ముసలి గొంతు. పాట అయి రెండోది మొదలవుతుంటే ఆవిడ ఆపి, మళ్లీ మొదటినుంచి తనే పెట్టుకున్నారు. గణపతిరావు గారు గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయారు.

ఆ సాయంత్రం శశాంక్ జరిగిందంతా గురువుగారికి చెప్పాడు.

"ఒకటి మాత్రం అంతుపట్టడం లేదు. కాకరకాయకూ ఆ పాటకూ సంబంధం లేదు. లోపల పాట ముందెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నిజానికి ఏమీ మారలేదు."

పాట ఎవరు పెట్టారని సోమయాజులు గారు అడిగారు. ఆవిడే పెట్టుకున్నారని శశాంక్ చెప్పాడు. ఆయన ఎదురుగా ఉన్న పుస్తకం మూశారు.

"ఏమీ మారలేదన్న మాట, ఈసారి వెళ్లినప్పుడు ఆవిడతో చెప్పి చూడు. ఆ తర్వాత నా పూల సంగతి అడుగు."