మోకు పట్టిన మహారాజు

మీ దగ్గరున్న వస్తువును సాక్షాత్తూ రాజుగారే ఒకటిన్నర రెట్లు ధర ఇచ్చి కొంటానంటే ఏం చేస్తారర్రా? అమ్మేస్తారా, ఉంచుకుంటారా? తొందరపడి చెప్పకండి. ముందు కథ వినండి.

సముద్రం కోటగోడ దాకా వచ్చి వెనక్కి మళ్లే ఒకానొక రాజ్యంలో గగనసింహుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ఇరవై రెండు బిరుదులు. అవన్నీ చదివించుకుంటే గానీ పొద్దున ఫలహారం ముట్టేవాడు కాదు. చదవడం పూర్తయ్యేసరికి ఫలహారం కాస్తా చల్లారిపోయేది.

ఆ రేవులో మకరలక్ష్మి అనే ఓడ ఉండేది. దాన్ని కట్టడానికి ఒక్కరి డబ్బు చాలక నూరు వాటాలు చేశారు. నలభై రాజుగారివి. తక్కిన అరవైలో చాలామట్టుకు మంత్రివీ, పెద్ద వర్తకులవీ. ఒకటీ రెండూ ఉన్న చిన్నవాళ్లు కొందరు. ఒక్కో వాటాకు ఒక్కో రాగిరేకు, దానిమీద వాటాదారు పేరు.

ఆ చిన్నవాళ్లలో నాంచారమ్మ ఒకతె. ఆమె భర్త సోమాచారి ఆ ఓడకు తెరచాప కొయ్య చెక్కిన వడ్రంగి. కూలికి బదులు రెండు రేకులు పుచ్చుకున్నాడు. మూడేళ్ల కిందట జ్వరంతో పోయాడు. రేకుల మీద పేరు మాత్రం ఆయనదే ఉండిపోయింది.

ఆ రేవులో ఒక ఆచారం. ఓడ తిరిగొచ్చిన రోజున కరణం ఓడమీద నిలబడి వాటాదారుల పేర్లు ఒక్కొక్కటీ కేకవేసి పిలుస్తాడు. పిలుపందుకున్నవాళ్లు 'ఉన్నాం' అంటూ వచ్చి ఓడకు కట్టిన లావుపాటి తాడు, అదే మోకు, పట్టాలి. అందరూ కలిసి ఓడను ఒడ్డుకు లాగాలి. రాజుగారు మాత్రం వేలితో ముట్టి ఊరుకునేవాడు. వాటా లేనివాళ్లు మోకు ముట్టకూడదు.

ఏడాదికి రెండుసార్లు వినబడే ఆ కేక కోసం నాంచారమ్మ ఎదురుచూసేది. ఎందుకంటారా? ఆ రోజుల్లో భార్యలు భర్త పేరు పలికేవారు కాదర్రా. పిల్లలు లేరు, అత్తమామలు లేరు. ఆ ఇంట్లో ఆ పేరు అనేవాళ్లే లేరు. "వడ్రంగి సోమాచారి!" అని కరణం అరిస్తే, ఆమెకు ఆయన ఎక్కడో పనిలో ఉన్నట్టూ, ఎవరో భోజనానికి పిలుస్తున్నట్టూ ఉండేది.

ఒకసారి రాజుగారికి కొత్త ముచ్చట పుట్టింది. ఓడమీద నుంచి తన పేరొక్కటే వినబడాలని! ఓడ సంపాదించిన లాభం ఓడ పెట్టెలో బోలెడు పోగుపడి ఉంది. దండోరా వేయించాడు: "ఓడ పెట్టెలోని సొమ్ముతో వాటాలన్నీ తిరిగి కొంటున్నాం. ఒకటిన్నర రెట్లు ధర. ఓడ వచ్చే ముందురోజుకల్లా అందరూ రేకులు అప్పగించాలి, సొమ్ము ఓడ వచ్చాక ముడుతుంది."

నాంచారమ్మ రేకులు కొంగున కట్టుకుని కొండుభట్టు ఇంటికి వెళ్లింది. ఆయన కొలువులో విదూషకుడు.

"అయ్యగారూ, ఆ పెట్టెలో డబ్బు నూరు వాటాలవాళ్లదీ కదా? అందులో మాదీ ఉంది కదా? మా డబ్బుతో మమ్మల్నే కొని సాగనంపుతారా?"

కొండుభట్టు తాంబూలం నమలడం ఆపాడు. "ఈ ముక్క మంత్రికి తట్టలేదు చూడమ్మా!"

"నాకు డబ్బు చేదని కాదు. వానలకు ముందే ఇంటికప్పు నేయించాలి. కానీ ఆ పిలుపు..." ఆమె కొంగు ముడి విప్పి రేకుమీది పేరు చూపించింది.

"రేకులు ఇచ్చెయ్. ఓడ వచ్చేదాకా ఓపిక పట్టు."

ఓడ వచ్చింది. రేవంతా జనం. రాజుగారు పట్టుబట్టలు, కిరీటంతో ముందు నిలబడ్డాడు. కరణం ఇరవై రెండు బిరుదులూ చదివి, "గగనసింహ మహారాజా!" అని కేకవేశాడు. మరో పేరు లేదు. నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉన్నాం!" అన్నాడు రాజు, మీసం దువ్వుతూ.

కొండుభట్టు చెయ్యంత లావు మోకు తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాడు. "లాగండి ప్రభూ."

"నేనా? మంత్రీ, చూస్తావేం? పట్టు!"

"నిన్ననే నా పన్నెండు రేకులూ అప్పగించానండి. ముట్టకూడదు."

"సేనాపతీ!"

"తమ తాతగారు పెట్టిన ఆచారం ప్రభూ," అన్నాడు సేనాపతి, రెండడుగులు వెనక్కి వేస్తూ.

"ఓడ మొత్తం తమదే కదా మహారాజా," అన్నాడు కొండుభట్టు. "మోకూ తమదే. త్వరగా కానివ్వండి, పోటు తీస్తోంది."

అంతమందిలో కాదనలేక రాజుగారు లాగాడు. ఓడ కదల్లేదు. జోడు జారింది. కిరీటం తడి ఇసుకలో పడింది. పక్కనే పోతున్న ఎండ్రకాయ ఒకటి ఆగి, చూసి, అందులోకి దూరి కూర్చుంది.

రాజు ఎండ్రకాయ వంక చూశాడు, మోకు వంక చూశాడు, ఫక్కున నవ్వాడు. "దీనికి ఒక్క బిరుదూ లేదు, సింహాసనం దక్కింది! భట్టూ, ఇది నీ పనేనా?"

"సగం నాదండి. సగం ఆ వడ్రంగి ఇల్లాలిది," అని ఆమె అన్న మాట చెప్పాడు.

రాజు ఎండ్రకాయను వదిలేసి కిరీటంలోని ఇసుక దులిపాడు. తర్వాత, "పెట్టెలో డబ్బు ఊరికే మూలుగుతోందయ్యా. ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

"రేకులన్నీ తిరిగిచ్చేయండి. తర్వాత, అమ్మమని ఆజ్ఞ వేయక, అమ్ముతారా అని అడగండి. ఇరవై వాటాలే కొనండి. అయితే పన్నెండు రేకులవాళ్లు ముందే తోసుకొస్తారు, చిన్నవాళ్లకు చోటుండదు. అందుకని ఇరవైలో మూడు చిన్నవాళ్లకోసం విడిగా ఉంచండి. ఎక్కువమంది తెస్తే దామాషాన కొన్ని తీసుకుని, మిగతావి ఎవరివి వాళ్లకిచ్చేయండి. కొన్నవాటిని కరిగించేయండి."

ఎందుకు కరిగించడం? ఇక్కడ శ్రద్ధగా వినండి. నూరు వాటాలప్పుడు నూరు బస్తాల లాభం వస్తే వాటాకు ఒక బస్తా. ఇరవై కరిగాక మిగిలినవి ఎనభై. అవే నూరు బస్తాలు వస్తే వాటాకు బస్తాంపావు. అమ్మినవాడికి చేతిలో డబ్బు, ఉంచుకున్నవాడికి పెద్ద వాటా. అలాగని ఉంచుకోవడమే మేలనుకోకండి. పెట్టెలో డబ్బు తగ్గింది కదా! రేపు ఓడ మునిగితే పెద్ద వాటా కూడా నీళ్లపాలే. ఇప్పటి కంపెనీలు దీన్నే బైబ్యాక్ అంటున్నాయి.

రాజు అలాగేనని తన ముత్యాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. రేకులు ఎవరివి వాళ్లకు అందగానే అంతా మోకు పట్టి ఓడను ఒడ్డుకు లాగారు.

నాంచారమ్మ ఏం చేసిందీ? ఒక రేకు అమ్మి కప్పు నేయించుకుంది. ఒకటి ఉంచుకుంది. ఆరు నెలలు భయంతోనే గడిపింది, సగం అమ్మినదానికి పిలుపు ఉంటుందో ఉండదోనని.

ఓడ వచ్చింది. కరణం పేర్లు చదువుతున్నాడు. పెద్దవాళ్లవి అయిపోయాయి. వర్తకులవి అయిపోయాయి. ఆమె కళ్లు మూసుకుంది.

"వడ్రంగి సోమాచారి!"

"ఉన్నాం," అంది నాంచారమ్మ. వెళ్లి మోకు పట్టుకుంది.

ఏది మేలో మీరిప్పుడు చెప్పండి. ఊహూ, నాకు కాదు, ఒకరికొకరు చెప్పుకోండి. మేడమీద వడియాలు సగమే పెట్టి వచ్చాను, పిండి పులిసిపోతుంది. జరగండి, లేవనివ్వండి.