తడి నేల మీద దుమ్ము

కంబగిరి స్వామి ప్రశ్నకు జవాబు చెప్పడం అరుదు. ఎక్కువసార్లు లేచి, చేతికర్ర అందుకుని, "పద" అనేవారు. వాదించి గెలుద్దామని వచ్చిన శిష్యులకు ఇది మహా ఇబ్బందిగా ఉండేది.

ఆరోజు శిష్యుడు ఓబులేశు అడిగింది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. అతని చిన్నాయన తిమ్మప్ప, ఊరి పశువులన్నీ మేసే బీడును తన పేర పట్టా చేయించుకుని, చుట్టూ కంపకంచె బిగించి రెండేళ్లయింది. కంచే చేను మేసిందని సామెత చెబుతారు గానీ, ఇక్కడ కంచె ఏకంగా బీడునే మింగింది. మేత లేక ఊళ్లో గొడ్డూ గోదా సగం సంతకు పోయాయి, మిగతావి కొట్టాల్లోనే కూలబడ్డాయి. ఇప్పుడు ఆ భూమిలో సగం స్వామి మఠానికి రాసిస్తానని తిమ్మప్ప కబురు పెట్టాడు. మర్నాడే మాట చెప్పాలి. మఠంలో పూట గడవడమే గగనంగా ఉంది. స్వామి ఒప్పుకుంటే బాగుండునని ఓబులేశు ఆశ.

"బీడు అందరిదీ అంటే ఎవరిదీ కాదనే కదా స్వామీ? ఎవరిదీ కానిదాన్ని ఒకరు తీసుకుని సాగుచేస్తే తప్పేముంది?" అన్నాడు.

స్వామి కర్ర అందుకున్నారు.

ఇద్దరూ బీడు చేరేసరికి పొద్దు వాలుతోంది. పగలంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది. వేరుశనగ మొలకల మధ్య నేల బురదగా ఉంది. అయినా కంచె లోపల దుమ్ము లేస్తోంది, సాయంత్రం మంద ఇంటికి మళ్లేటప్పుడు లేచే దుమ్ము. దానితోపాటే మెడగంటల చప్పుడు, పేడ వాసన. కంటికి మాత్రం ఒక్క పశువూ కనబడదు.

తడిక దగ్గర ములుగర్ర పట్టుకుని తిమ్మప్ప నిలబడి ఉన్నాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

"చూడు సామీ, మల్లా దూరినాయి. కంచె యాడా తెగల్యా. తడిక బార్లా తీసి దినామూ అదిలిస్తాండా, ఒక్కటీ బయటికి పోదు," అన్నాడు. గొంతు తగ్గించాడు. "మఠం భూమి అయితేనన్నా పోతాయేమోనని..."

ఓబులేశు నవ్వి తీసిపారేద్దామనుకున్నాడు, నవ్వు రాలేదు. ధైర్యం కూడదీసుకుని లోపలికి నడిచాడు. గంటల్లో ఒకటి పగిలిన గొంతుతో మోగుతోంది. ఆ మోత అతనికి తెలుసు. అది వాళ్లింటి కర్రావు మెడలోది. సెంటు భూమి లేని అతని తల్లి, ఆ నల్లావు పాలు అమ్మి కొడుకును పెంచింది. కిందటి ఎండాకాలం అది కొట్టంలోనే ప్రాణం విడిస్తే, గంటతోనే పూడ్చిపెట్టారు.

మోత దగ్గరికొచ్చి ఆగింది. వెచ్చని ఊపిరి తగిలింది. గరుకు నాలుక ఒకటి అతని అరచేతిని తీరిగ్గా నాకింది.

ఓబులేశు వెనక్కి వచ్చాడు. భయంకన్నా దుఃఖమే ఎక్కువగా ఉంది. మొలక ఒక్కటీ నలగలేదు, బురదలో అతని అడుగులు తప్ప వేరే గుర్తు లేదు. చేయి మాత్రం తడిగా ఉంది. పంచెకు తుడుచుకోబోయాడు.

"తుడవొద్దు నాయనా," అన్నారు స్వామి. "రాత్రి ఆ చేత్తోనే అన్నం తిను. భూమి పుచ్చుకుందామో వద్దో, పొద్దున నువ్వే చెబుదువుగాని."