మూతకున్న బెజ్జం

భ్రమరాంబకి ఏదీ బయటికి పొక్కడం గిట్టదు. గోదావరి లంకలో ఆశ్రమం, గురువమ్మ పరంజ్యోతి యాత్రలకి వెళ్లిపోయింది, పెత్తనమంతా తన నెత్తిన పడింది. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలి కదా మరి!

ఆ వానాకాలం ఆమెకి రెండు తలనొప్పులు. ఒకటి పడవ ఇంజను. దాని నెత్తినున్న చిన్న పెట్రోలు ట్యాంకు మూత దగ్గర కారి, పడవంతా ఒకటే కంపు. రెండోది వంటింటి పిల్ల ముత్యాలు. ఆశ్రమానికి బియ్యం పంపే మిల్లు ఆసామి కొట్టుగదిలో తన చెయ్యి పట్టుకు లాగాడని, నిండు భజనలో, అతను ముందు వరసలో కూర్చుని ఉండగానే లేచి చెప్పేసింది.

భ్రమరాంబ రెండూ చక్కబెట్టింది. ముత్యాలుకి మౌనదీక్ష ఇచ్చింది. "గురువమ్మ వచ్చేదాకా పెదవి కదిపావా, మీ అన్న దగ్గరికే పోతావు" అంది. ఆ అన్న దెబ్బలు తట్టుకోలేకే లంకకి పారిపోయి వచ్చిన పిల్ల. నెలల తరబడి పెదవి కదపలేదు.

గురువమ్మ తిరిగొచ్చిన మర్నాడు భ్రమరాంబ జరిగిందంతా చెప్పి, "పిల్లని వాళ్లన్న ఇంట్లో దింపేసి వస్తానమ్మా" అంది.

"మౌనంగానే ఉందన్నావుగా?"

"నోరు మూసుకుంది గానీ, మిల్లు ఆయన వచ్చినప్పుడల్లా గుడ్లప్పగించి చూస్తోంది. ఆయనకి ఇబ్బందిగా ఉందిట."

"ఆయనకి ఇబ్బంది" అంది గురువమ్మ. చెప్పులు వేసుకుంది. "పద, నేనూ వస్తాను."

ముత్యాలు గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని పడవ ముక్కున కూర్చుంది. భ్రమరాంబ ఇంజను దగ్గర కూర్చుని మురిసిపోతూ మూత చూపించింది.

"చుక్క కారదమ్మా ఇప్పుడు! సైకిలు ట్యూబు కోసి వాషరు వేశాను. పైన బట్టల సబ్బు మెత్తగా నలిపి మూతంతా మెత్తాను."

"మూతంతానా?"

"అంతా."

నడి ఏట్లో ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. భ్రమరాంబ తాడు లాగింది. అరచెయ్యి కమిలేలా లాగింది. పడవ ఏటివాలున కొట్టుకుపోతోంది.

గురువమ్మ లేచి మూత తిప్పింది. ఉస్సుమంటూ గాలి ట్యాంకులోకి దూరింది.

"ఇప్పుడు లాగు."

ఒక్క లాగుకే ఇంజను అందుకుంది. భ్రమరాంబ గబగబా మూత బిగించింది. కాస్త దూరం పోయాక మళ్లీ ఆగింది.

గురువమ్మ ముత్యాలు జడలోంచి పిన్ను తీసింది. మూత మధ్యన సబ్బు గీకి, దాని కింద పూడుకుపోయిన బెజ్జంలో గుచ్చి తిప్పింది.

"అయ్యో, కారుతుందమ్మా!"

"కారింది అంచు దగ్గర. అక్కడ వేసిన వాషరు మంచిదే, ఉండనీ. ఇది దాని ఊపిరి."

ఈసారి ఇంజను ఆగలేదు.

"పడవ లంకకి తిప్పు" అంది గురువమ్మ.

పిన్ను తుడిచి ముత్యాలు జడలో మళ్లీ పెట్టింది. పక్కనే కూర్చుంది.

"దీక్ష అయిపోయింది తల్లీ. ఆ రోజు భజనలో చెప్పినట్టే నాకూ చెప్పు. మిల్లు వాణ్ణి నేను అడుగుతాను."

ముత్యాలు నోరు తెరిచింది. మెడ మీద నరాలు ఉబ్బాయి. పెదవులు కదిలాయి. మూసి, మళ్లీ తెరిచింది. మూట మీద వేళ్లు బిగుసుకున్నాయి. పడవలో ఇంజను చప్పుడు తప్ప మరేం లేదు.

"అలవాటు తప్పిందంతేనమ్మా" అంది భ్రమరాంబ. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "కాసేపాగితే అదే..."

గురువమ్మ ఆమె వైపు చూడలేదు.

"అది ఇంజను కాబట్టి మళ్లీ పలికింది" అంది.